ప్రసంగానికి మూడు పిప్పరమెంట్లు

చేపలు పట్టుకు బతికే మా ఉర్క్ ఊళ్ళో పిప్పరమెంటును ఎవరూ తిండి కింద లెక్కెయ్యరు. పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరిచి పడుకున్నవాణ్ణి ఏమైనా తిన్నారా అని అడిగితే, బుగ్గలో బిళ్ళ ఉండగానే లేదంటాడు. అది అబద్ధం కాదు. అబద్ధమే అయితే మా వాళ్ళు ఆదివారం చర్చిలో తలెత్తుకుని కూర్చోలేరు.

చర్చిలో పాస్టరుగారి ప్రసంగం మూడు భాగాలు. మా తాతల కాలంలోనూ మూడే, ఇప్పుడూ మూడే. భాగానికో బిళ్ళ. "మొదటగా" అని ఆయన నోటి వెంట రావడం ఆలస్యం, బెంచీల పొడవునా చేతిసంచులు తెరుచుకుంటాయి. కాగితం చింపే చప్పుడు కాసేపు వాక్యాన్ని కూడా మింగేస్తుంది. బిళ్ళలు ఆడవాళ్ళ దగ్గరే ఉంటాయి. మగవాళ్ళు పాస్టరుగారి మీంచి చూపు తిప్పకుండా అరచెయ్యి మాత్రం ఇటు చాస్తారు. మేం అందులో బిళ్ళ పెడతాం. ఎవరూ ఎవరి మొహమూ చూడరు.

నా పేరు మర్రెట్యే. మా ఆయన రీకెల్ట్. పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళు. చేపల బోటు మీద సోమవారం వేకువనే ఉత్తర సముద్రంలోకి వెళ్ళి శుక్రవారం తిరిగొచ్చేవాడు. శనివారమంతా వలలు, నిద్ర. కాబట్టి మాది ఆదివారాల కాపురం. అన్నీ కూడినా మేం కలిసి బతికింది ఆరేళ్ళకు మించదు. ఆ ఆరేళ్ళలో ఏం మాట్లాడుకున్నారని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఆయన చెయ్యి చాచాడు, నేను బిళ్ళ పెట్టాను. ఉదయం మూడు, సాయంత్రం మూడు.

పోయిన ఏడాది ఆకులు రాలేవేళ దగ్గు మొదలైంది. సముద్రపు చలి అన్నాడు. సముద్రం మానేసి మూడు నెలలయిందని నేను గుర్తు చేశాను. ఫోటో తీస్తే కుడి ఊపిరితిత్తిలో గడ్డ, కాలేయంలో దాని పిల్లలు. రెండు రకాల కీమో ఎక్కించారు. జుట్టు పోయింది, కనుబొమలు పోయాయి, గడ్డ మాత్రం చెక్కు చెదరలేదు. ఏప్రిల్ వచ్చేసరికి ఇంకొక్క మందు మిగిలింది. అది ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఆమ్‌స్టర్‌డామ్ రమ్మన్నారు. రక్తం చూసి కాదు, ఫోటో చూసి కాదు, ఊపిరి చూసి తేలుస్తారట.

"వదినా, ఆ మిషను గట్టిదో కాదో కనుక్కున్నావా?" అన్నాడు హెస్సెల్ స్టీరింగు తిప్పుతూ. "వీడి ఊపిరి తగిలితే ముక్కు మూసుకుని పారిపోతుంది. పదిహేనేళ్ళు వీడి కింద మంచం మీద పడుకున్నాను, నాకు తెలుసు."

"నీ మేజోళ్ళ ముందు నా ఊపిరి అత్తరురా," అన్నాడు మా ఆయన.

హెస్సెల్ బోటు మీద ఆయన జోడీ. ఊరి మగవాళ్ళ పాటల బృందంలో కూడా పక్కపక్కనే నిలబడేవారు, ఇద్దరిదీ మంద్రపు గొంతే. నాకు కారు నడపడం రాదు, ఆయనకు ఇక ఓపిక లేదు, అందుకని హెస్సెల్ తీసుకెళ్ళాడు. దారంతా వాళ్ళిద్దరూ అలాగే ఒకరినొకరు తిట్టుకున్నారు. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా మా ఆయన మాట మధ్యలో ఆపి, పళ్ళు బిగించి, మళ్ళీ అందుకునేవాడు. హెస్సెల్ అది చూడనట్టు నటించాడు. వాడికి నటన రాదు.

ఆరోజు ఆయన బృందం వాళ్ళ నీలం కోటు వేసుకున్నాడు. ఆదివారపు నల్ల సూటు ఒంటి మీద నిలవడం లేదు, భుజాల మీంచి జారిపోతోంది. నీలం కోటు కొత్తది, కాస్త బిగువుగా కుట్టించారు. అద్దం ముందు నిలబడి, "కచేరీకి పోతున్నట్టున్నాను," అన్నాడు. "కచేరీయే, గాలి ఊదాలిగా," అన్నాను. నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

ఆసుపత్రి ఉత్తరంలో నియమాలు రాశారు. పరీక్షకు రెండు గంటల ముందు నుంచి తిండి వద్దు, కాఫీ వద్దు, పొగ వద్దు, చూయింగ్ గమ్ వద్దు. పిప్పరమెంటు మాట లేదు. రాసింది ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు. చర్చి గుమ్మం తొక్కని మనుషులకు పిప్పరమెంటు గుర్తొస్తుందా?

డాక్టర్ స్మిల్డె నెమ్మదిగా మాట్లాడే ఆడమనిషి. రెండు చేతులూ బల్ల మీద జోడించి పెట్టుకుని, మా ఇద్దరి మీదుగా వెనక గోడ వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"మీకు మూడు సంగతులు చెప్పాలి. మొదటగా, ఈ మందు గడ్డని చంపదు. మీ ఒంట్లో కాపలా కాసే కణాలున్నాయి, గడ్డ వాటిని నిద్రపుచ్చింది. ఈ మందు వాటిని లేపుతుంది. లేచాయంటే మాత్రం, ఏళ్ళ తరబడి బతికినవాళ్ళున్నారు. రెండోది, చాలామందిలో లేవవు. లేవకపోగా కొందరిలో అవి గడ్డని వదిలేసి పేగుల మీద పడతాయి, బాగున్న ఊపిరితిత్తి మీద పడతాయి. మూడోది, ఎవరికి పనిచేస్తుందో ఇదివరకు మూడు నెలలు ఎక్కించాకే తెలిసేది. మీ దగ్గర పారెయ్యడానికి మూడు నెలలు లేవు. ఇప్పుడు ఊపిరి ముందే చెప్పేస్తోంది. లోపల జరిగేదాని వాసన ఊపిరికి పడుతుంది. మన ముక్కుకి అందదు గానీ, ఈ యంత్రానికి అందుతుంది. అది పనిచెయ్యదని చెబితే నేను మందు ఇవ్వను."

"మరి ఏమిస్తారు, డాక్టరమ్మా?" అన్నాను.

"నొప్పి తెలియకుండా చూస్తాను."

పరీక్ష చేసే అమ్మాయి పేరు సుమేయా. తలకు గుడ్డ కట్టుకుంది, చలాకీ పిల్ల. ముక్కుకి క్లిప్పు పెట్టబోతూ అడిగింది. "ఈ రెండు గంటల్లో నోట్లో ఏమైనా వేసుకున్నారా? ఏదైనా సరే."

"లేదమ్మా," అన్నాడు మా ఆయన.

గొట్టం నోట్లో పెట్టుకుని మామూలుగా అయిదుసార్లు ఊపిరి తీసి వదిలాడు. తర్వాత నిండా పీల్చి, అయిదు అంకెలు బిగబట్టి, సన్నగా వదలమంది. కీర్తన చివరి పాదం లాగినట్టు లాగాడు. అంత జబ్బులోనూ ఆ లాగడం పోలేదు. దగ్గు ఎగదన్నుకొస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, గాలి అయిపోయేదాకా ఆపలేదు.

"మీలా ఊదినవాళ్ళు ఈ మధ్య లేరు తాతగారూ," అంది సుమేయా.

అరగంట తర్వాత డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. ఈసారి మూడు సంగతులు లేవు. ఒక్కటే. "పనిచెయ్యదంటోంది," అంది. "క్షమించండి."

తిరుగుదారిలో హెస్సెల్ ఏ జోకూ వెయ్యలేదు. మా ఆయన గాలిమరలు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి నేను కోటు తీసి అల్మారాలో తగిలించాను. ఆయన చొక్కా చేతులు మడుచుకుని బంగాళదుంపల తొక్క తీయడానికి కూర్చున్నాడు. నేను వద్దనలేదు. ఏదో ఒకటి చేసుకోనీ అనుకున్నాను. ఒక్క దుంప తొక్క తీయడానికి ఎంతసేపు పట్టిందో.

ఆ ఆదివారం ఇద్దరం చర్చికి వెళ్ళాం. నల్ల సూటు లోపల రెండు స్వెట్టర్లు వేయించాను. "మొదటగా" అన్నారు పాస్టరుగారు. నేను సంచిలో చెయ్యి పెట్టాను. ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళే ముందు రోజు కొత్త పొట్లం వేసుకున్నాను, సీలు కూడా విప్పలేదు. ఇప్పుడు చేతికి తగిలిన పొట్లం మూతి చిరిగి ఉంది. ఒక బిళ్ళ తక్కువ.

నా చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చాక నేను ఇల్లు కదల్లేదు, సంచి ముట్టుకోలేదు. మరెక్కడ విప్పాను? అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరమ్మ జోడించిన చేతులు, గోడ వైపు చూపు, ఆ నెమ్మది గొంతు, "మొదటగా" అన్న మాట. బల్ల కింద నా చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. ఆయన అరచెయ్యి దానంతటదే తెరుచుకుంది. నలభై ఒక్క ఏళ్ళ అలవాటు, మా ఇద్దరి బుర్రలనూ అడక్కుండానే పని కానిచ్చేసింది.

పక్కన ఆయన చెయ్యి చాచి ఎదురుచూస్తున్నాడు. నాకు లేచి నిలబడి అరవాలనిపించింది. ఆ మిషను మా ఆయన ఊపిరి చూడలేదు, నా పిప్పరమెంటు వాసన చూసింది! పనిచెయ్యదన్నది ఆయనకు కాదు, ఆ బిళ్ళకు! మా చర్చిలో ప్రసంగం మధ్యలో చచ్చిపోయినా కూర్చునే చావాలి. ఇంకా రెండు భాగాలు ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. ఆయనకు ఆరోజు బిళ్ళ అందలేదు. అడగనూ లేదు.

ఇంటికొచ్చి కాఫీ పోస్తూ అడిగాను. సగం కాఫీ సాసర్లో పడింది.

"డాక్టరమ్మ చెబుతున్నప్పుడు నేను నీకు బిళ్ళ ఇచ్చానా లేదా? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు."

ఆయన కప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్విచ్చావు," అన్నాడు. "నేను తీసుకున్నాను."

"మరి ఆ పిల్ల అడిగితే లేదన్నావేం, బుద్ధి లేకపోతే సరి! పిప్పరమెంటు తిండి కాదనా? ఇది చర్చి అనుకున్నావా?" తిడుతున్నాను, నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను. "నేను కాదా, నా చేత్తో నేను కాదా ఇచ్చింది! ఆ పరీక్ష తప్పు, రీకెల్ట్. తెలుస్తోందా? అది తప్పు!"

ఆయన ఏదో అనబోయాడు. నా మొహం చూసి ఆగిపోయాడు. కాఫీ ఒక గుటక తాగి కప్పు కింద పెట్టాడు.

"అయితే రేపు ఫోన్ చెయ్యి," అన్నాడు.

ఎనిమిదింటికి ఆసుపత్రి వాళ్ళు తలుపు తీసేసరికే అక్కడ నా ఫోన్ మోగుతూ ఉంది. సుమేయా అంతా విని, "అయ్యో అమ్మా, పిప్పరమెంటా!" అంది. ఆ వాసన గంటల తరబడి ఊపిరిలో ఉంటుందట, యంత్రాన్ని పూర్తిగా తప్పుదారి పట్టించగలదట. సాయంత్రం డాక్టరమ్మే ఫోన్ చేసింది. నిజంగా నోట్లో బిళ్ళ ఉండి ఉంటే ఆ ఫలితం చెల్లదు, మళ్ళీ చేద్దాం అంది. గురువారం రమ్మంది.

బుధవారం ఆయనకు జ్వరమొచ్చింది. ఊపిరితిత్తిలో నెమ్ము చేరింది. రెండు వారాలు మందులు వాడారు. ఆ మందుల జాడ ఊపిరిలోంచి పోవాలంటే అవి ఆపాక నాలుగు వారాలు ఆగాలన్నారు. అంటే మొత్తం ఆరు వారాలు. ఆయన దగ్గర ఆరు వారాలున్నాయా అని నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

ఆ ఆరు వారాలూ నేను పిచ్చిదానిలా ఆశపడ్డాను. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, పెళ్ళినాటికన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నాను. చేపలు కోస్తూ పాడాను. వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్పాను. ఇంట్లో ఉన్న పిప్పరమెంట్లన్నీ, సంచిలోవి, డబ్బాలోవి, మా అత్తగారి నాటి వెండి భరిణెలోవి కూడా, ఊడ్చి చెత్తబుట్టలో పోశాను. కొత్తవి కొనలేదు. ఆయన మంచం కింది గదిలోకి మార్చాక చర్చికి ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. పక్క బెంచీ వాళ్ళు బిళ్ళ ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. ఒట్టి నోటితో ప్రసంగం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

ఆ సంతోషం కింద ఇంకొకటి ఉండేది. ఆయనకు మందు అందకుండా చేసింది నేనే. ఈ ఆరు వారాల్లో ఏమైనా జరిగితే, నా మొగుణ్ణి నా చేత్తో నేనే చంపుకున్నట్టు. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆయనకు అసలే తెలియనివ్వలేదు.

ఆయన మాత్రం నేను చెప్పిందానికల్లా తల ఊపేవాడు. "మందు మొదలెట్టాక వేసవిలో రేవు దాకా నడిపిస్తాను," అంటే, "నడుద్దాం," అనేవాడు. ఒకరోజు దుప్పటి సర్దుతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. "పాడుతున్నావే," అన్నాడు. "నువ్వు పాడతావని నాకు తెలీదు."

"నువ్వెప్పుడున్నావు కనక, వినడానికి?" అన్నాను.

"అవును," అన్నాడు. "ఇప్పుడున్నాను. పాడు."

రెండో పరీక్ష మంగళవారమనగా, దాని ముందు శుక్రవారం హెస్సెల్ వచ్చాడు. ఎప్పుడూ తలుపు తోసుకుని వచ్చే మనిషి, ఆరోజు గుమ్మంలో నిలబడి కాళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఆ కాలిపట్టా అరిగిపోతుంది గానీ, ఏంటో చెప్పు," అన్నాను.

"వదినా, కోటు," అన్నాడు. "బృందానిది. నీలంది. వచ్చే వారం కచేరీ ఉంది. కొత్తగా ఒకతను చేరాడు, వాడికి కోటు లేదు. నేను వద్దనే చెప్పాను. వీడు మళ్ళీ వస్తాడురా, ఆగండి అన్నాను. కానీ వాళ్ళు..."

మా ఊళ్ళో అది మామూలే. కోట్లు బృందానివి. మనిషి మానేస్తే కోటు వెనక్కి పోతుంది. హెస్సెల్ మొహం చూసి నాకు జాలేసింది.

"ఏడవకు. తీసుకెళ్ళు," అన్నాను. "వేసవికి మాకు కొత్తది కుట్టించాలి, అది రాసుకో."

కోటు బయటికి తీసి బ్రష్షు కొట్టాను. ఎవరికైనా ఇచ్చేటప్పుడు జేబులు చూడాలిగా. కుడి జేబులో పాటల కాగితం. ఎడమ జేబులో చేతిరుమాలు. గుండె దగ్గరి లోపలి జేబులో వేళ్ళు పెడితే ఏదో గుండ్రంగా తగిలింది.

పిప్పరమెంటు బిళ్ళ. చెక్కు చెదరలేదు. అంచు దగ్గర నీలం దారప్పోగు అంటుకుని ఉంది.

ఆ కోటు ఆమ్‌స్టర్‌డామ్‌కి తప్ప ఆయన ఈ ఏడాది ఎక్కడికీ వేసుకోలేదు.

"ఏంటి వదినా? ఏమైంది?" అన్నాడు హెస్సెల్.

"బ్రష్షు కొట్టడం అయింది. తీసుకెళ్ళు." కోటు వాడి చేతుల్లో పెట్టి తలుపు వేశాను.

వంటింట్లో కూర్చుంటే నాకు ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది. నువ్విచ్చావు, నేను తీసుకున్నాను. అంతే అన్నాడు. తిన్నానని ఎక్కడన్నాడు? జీవితంలో అబద్ధమాడని మనిషి, ఆరోజూ ఆడలేదు. నేను బిళ్ళ పెట్టాను కాబట్టి తీసుకున్నాడు, డాక్టరమ్మ ముందు నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక చప్పుడు చెయ్యకుండా జేబులో వేసుకున్నాడు. సుమేయా అడిగితే లేదన్నాడు. అది నిజం. మిషను చూసింది ఆయన ఊపిరినే. అది చెప్పిందీ నిజమే. మొదటి రోజు నుంచీ ఆయనకు తెలుసు.

ఆరు వారాలు! నన్ను ఊరంతా తిరగనిచ్చాడు, పాడనిచ్చాడు, వేసవి గురించి వాగనిచ్చాడు. వెళ్ళి నిలదీయాలనుకున్నాను. ఒక్క మాట చెబితే నేను చంపుకున్నానన్న బాధైనా ఉండేది కాదు కదా! కానీ ఆయన చూసింది నా సంతోషాన్నే. దాని కింద ఉన్నది నేనే చూడనివ్వలేదు. ఆదివారం కాఫీ దగ్గర నా మొహం ఎలా వెలిగి ఉంటుందో ఇప్పుడు ఊహించగలను. ఆ మొహాన్ని ఆర్పడానికి ఆయనకు నోరు రాలేదు. నాకైనా వస్తుందా?

సుమేయాకి ఫోన్ చేశాను.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతాను, తిప్పకుండా చెప్పు. ఆరోజు మా ఆయన నోట్లో ఏమీ లేకపోతే, మిషను చెప్పింది మారుతుందా?"

"పిప్పరమెంటు ఉందన్నారుగా అమ్మా?"

"లేదనుకో."

"మారడం కష్టం," అంది మెల్లగా. "అయినా రండి. వచ్చాక చూద్దాం. మంగళవారం పదింటికి మీ పేరు రాసి పెట్టాను."

"గంటన్నర దారి, అమ్మాయ్. గతుకు గతుకుకీ పళ్ళు బిగిస్తాడు. గొట్టం పెట్టి ఊదమంటే ఇప్పుడు ఊదలేడు కూడా. ఆరోజు ఊదాడు చూశావా, అదే ఆఖరు." నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినిపించింది. "పేరు కొట్టేయ్."

ఆ పిల్ల ఏడుస్తున్నట్టుంది. నేను ఫోన్ పెట్టేశాను.

కింది గదిలోకి వెళ్ళాను. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం అంచున కూర్చున్నాను.

"ఆసుపత్రి నుంచి ఫోన్," అన్నాను. "మిషను పాడైందట. ఎప్పుడు బాగవుతుందో చెప్పలేమన్నారు. మంగళవారం వెళ్ళక్కర్లేదు."

అరవై మూడేళ్ళలో అది నా మొదటి అబద్ధం. ఇంత తేలిగ్గా వస్తుందని తెలియదు.

ఆయన నా వైపు తిరగలేదు. "అలాగా," అన్నాడు. కాసేపటికి, "మంచిది," అన్నాడు. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు. మంగళవారం ప్రయాణానికి ఎంత భయపడ్డాడో అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. నా కోసం దానికి కూడా ఒప్పుకున్నాడు.

ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు చర్చివాళ్ళు చిన్న పెట్టె ఇస్తారు, అందులోంచి ఆరాధన వినబడుతుంది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టాను. నల్ల గౌను వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఆయన రెండు దిండ్ల మీద ఒరిగాడు. కీర్తన పాడుతుంటే పెదవులు కదిపాడు, గొంతు రాలేదు. పాస్టరుగారు దగ్గి, గొంతు సవరించుకున్నారు.

"మొదటగా," అన్నారు.

పెట్టెలోంచి సంచులు తెరుచుకునే చప్పుడు, కాగితాల చప్పుడు వినబడింది. దుప్పటి మీద ఆయన అరచెయ్యి తెరుచుకుంది. కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి.

ఇంట్లో ఒక్కటే బిళ్ళ ఉంది. అది తీసి ఆయన చేతిలో పెట్టాను.

నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు గానీ, ఏదో తేడా తగిలినట్టుంది. నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ప్రసంగం మధ్యలో చెయ్యి దించి బిళ్ళ వైపు చూశాడు. నీలం దారప్పోగు అలాగే అంటుకుని ఉంది. నేను తుడవలేదు. ఆయన దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను కూడా పాస్టరుగారిని వదిలేసి ఆయన్నే చూశాను. ఆయన కళ్ళలో నీళ్ళు నిండాయి. నావీ నిండాయి. ఇద్దరం ఒక్క మాటా అనలేదు, ప్రసంగం నడుస్తోంది కదా.

ఆయన దారప్పోగు తీసేశాడు. బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని మెల్లగా చప్పరించాడు.

"రెండోది," అన్నారు పాస్టరుగారు. ఆయన కళ్ళు తెరవకుండానే మళ్ళీ చెయ్యి చాచాడు. ఇంట్లో ఇంకో బిళ్ళ లేదు.